మర్రిచెట్టు నుంచి సెల్‌ఫోను దాకా

నిర్మల్‌లో 1860లో రాంజీ గోండును, ఆయన వెంట నిలబడినవాళ్లను మర్రిచెట్టుకు ఉరి తీశారని మన పెద్దలు చెబుతారు. వెయ్యి ఉరుల మర్రి అన్న పేరు అలా నిలిచింది. ఆ సంఖ్య మీద చరిత్రకారులు వాదించుకోనీ. మేం అడిగేది వేరు. నలుగురూ నడిచే చోట, చెట్టుకే ఎందుకు వేలాడదీశారు? మనం చూడాలని. చచ్చినవాళ్లతో పని అయిపోయింది, బతికి ఉన్నవాళ్లను భయపెట్టడం మిగిలింది.

1924 మే 7న మన్యంలో అల్లూరి సీతారామరాజును కాల్చి చంపాక శవాన్ని ఫోటో తీశారు. ఆ ఫోటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. మీ రాజు లేడు, ఇక అణిగి ఉండండి అని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? కానీ మన జనం గోడకు తగిలించుకున్నది విల్లు పట్టుకుని నిలబడిన రాజు బొమ్మను. ఆ ఎంపిక ఎవరూ నేర్పింది కాదు.

ఇప్పుడు చెట్టు అక్కర్లేదు, జేబులో ఫోను చాలు. 2018 ఫిబ్రవరి 22న కేరళలోని అట్టప్పాడిలో బియ్యం దొంగిలించాడని ఒక ఆదివాసీ యువకుణ్ని అడవిలో పట్టుకుని, చేతులు కట్టి, కొట్టి చంపారు. కొట్టినవాళ్లలో ఒకడు ఆయన పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. ఆ ఫోటో దేశమంతా తిరిగింది. ఆయన పేరు అందరికీ తెలుసు, మేం మళ్లీ రాయడం లేదు. ఆ తల్లికి కొడుకు చివరి ముఖంగా మిగిలింది హంతకుడు తీసిన ఫోటో. ఏ ఫోను తెరిచినా అదే. ఇంట్లో చావు జరిగితే పదకొండో రోజో, పెద్దకర్మ రోజో దుఃఖానికి ఒక గట్టు కడతాం. ఫోనులో తిరిగే చావుకు ఆ గట్టు లేదు.

అలాగని వీడియోలన్నీ చెడ్డవని కొట్టిపారేయలేం. అట్టప్పాడి కేసులో సాక్షులు చాలామంది మాట మార్చారు. ఒక సాక్షికి కోర్టులో వీడియో చూపిస్తే తనకేమీ కనిపించడం లేదన్నాడు. జడ్జి కంటి పరీక్షకు పంపితే చూపు బాగానే ఉందని తేలింది! చివరికి 2023 ఏప్రిల్‌లో 16 మంది నిందితుల్లో 14 మంది దోషులని తీర్పు వచ్చింది. మనుషులు మాట తప్పిన చోట కెమెరా తప్పలేదు.

ఇంద్రవెల్లిని తలుచుకోండి. 1981 ఏప్రిల్ 20న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క 13 మంది. గూడేల లెక్క దానికి ఎన్నో రెట్లు. చూపించడానికి వీడియో లేదు కాబట్టి ఈ తేడా నేటికీ తేలలేదు.

మణిపుర్‌లో ఈ రెండూ ఒకేచోట కలిశాయి. 2023 మే 4న కుకీ-జో మహిళలను గుంపు బట్టలు ఊడదీసి ఊరేగించింది. ఫిర్యాదు మే 18న నమోదైనా ఎవరూ కదల్లేదు. జులై 19న వీడియో బయటపడింది. మర్నాడే మొదటి అరెస్టు. మర్నాడే సుప్రీంకోర్టు స్పందన, ప్రధాని నోట మొదటి మాట. 77 రోజులు పట్టని దేశానికి ఒక్క రాత్రిలో పట్టింది. అయితే అందుకు ఆ మహిళలు దేశం కళ్ల ముందు రెండోసారి ఊరేగాల్సి వచ్చింది. ఆ వీడియో బయటికి రాకూడదని మేం అనలేం, మీరందరూ చూడండి అనీ అనలేం. ఈ ముడి మాకింకా విడలేదు.

చూసినవాళ్ల సంగతి మాత్రం తేటగా చెప్పగలం. 2013లో అమెరికాలోని బోస్టన్‌లో బాంబులు పేలాక పరిశోధకులు జనాన్ని అడిగారు. రోజుకు ఆరు గంటలకు పైగా ఆ వార్తలూ దృశ్యాలూ చూసినవాళ్లలో, పేలుడు చోట ఉన్నవాళ్లకంటే ఎక్కువ ఆందోళన కనిపించింది. దూరాన ఉండి చూసినవాళ్ల సంగతే అది. దెబ్బ తిన్నది తన జాతే అయినప్పుడు ఆశ్రమ పాఠశాల పిల్ల ఆ వీడియోలో వేరే ఎవరినో చూడదు, తన అక్కను చూస్తుంది. చదువుకు పట్నం వెళ్లాలంటే వెనకాడుతుంది. అబ్బాయిలైతే నవ్వేసి ఇంకొకరికి పంపుతారు. ఆ నవ్వు కూడా భయమే, సార్లు గమనించాలి.

2015లో హైదరాబాద్ నుంచి ప్రజ్వల సంస్థ సునీతా కృష్ణన్, వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోల గురించి సుప్రీంకోర్టుకు రాశారు. కోర్టు దాన్ని కేసుగా తీసుకుంది. 2018లో కేంద్రం ఫిర్యాదుల వెబ్‌సైటు తెరిచింది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అని కొట్టి, ఇలాంటి వీడియో మీద పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. అత్యాచార బాధితురాలిని గుర్తుపట్టే వివరం బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. హాస్టల్ గ్రూపులో అలాంటిది పడితే ఎవరికీ పంపకుండా టీచరుకు చెప్పండి. టీచరుగారు ముందు ఫోను లాక్కోవద్దు. ఎవరు చూశారో, రాత్రి ఎవరికి నిద్ర పట్టలేదో అడిగి, ఆ పిల్లలను కాసేపు దగ్గర కూర్చోబెట్టుకోవాలి.