బీరువాలో సంసారం: ఆమ్‌స్టర్‌డామ్ బొమ్మరిళ్లు చెప్పే గృహచరిత్ర

రాజ్యాల చరిత్రకు శాసనాలూ వర్తకం చరిత్రకు జమాఖర్చుల చిట్టాలూ మిగిలినట్టు, వంటింటి చరిత్రకూ అటక చరిత్రకూ ఆధారాలు మిగలడం అరుదు. ఏ దేశంలోనైనా రోజూ చేతిలో నలిగే వస్తువే ముందుగా నశిస్తుంది: చీపురు అరిగి పొయ్యిలోకి పోతుంది, సొట్టపడిన రాగిచెంబు కరిగి మరో పాత్ర అవుతుంది, చిరిగిన దుప్పటి మసిగుడ్డగా ముగుస్తుంది. ఐరోపాలో 17వ శతాబ్ది నాటి ఇళ్లు కొన్ని నేటికీ నిలిచి ఉన్నా, వాటి గోడల మధ్య కాపురం చేసిన ప్రతి తరమూ తన అవసరం కొద్దీ గదులను మార్చుకుంటూ వచ్చింది గనుక అసలు అమరిక ఏమిటో వాటిని చూసి తేల్చడం కష్టం. హాలెండులో ఇంటి యజమాని మరణించినప్పుడు నోటరీలు రాసిన సామాను జాబితాలు వేల సంఖ్యలో దొరుకుతున్నాయి గానీ, అవి దుప్పట్లు ఎన్నో చెబుతాయే తప్ప వాటిని ఎలా మడిచి ఎక్కడ దాచేవారో చూపలేవు. వెర్మీర్, పీటర్ డి హోక్ వంటి చిత్రకారుల పటాల్లో గదులు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయన్నది నిజమే. అయితే ఆ పటాల్లో తరచుగా మెరిసే నలుపు తెలుపు చలువరాతి గచ్చులు అప్పటి డచ్చి ఇళ్లలో నిజానికి చాలా అరుదని పరిశోధకులు తేల్చిన తర్వాత ఆ సాక్ష్యాన్ని కూడా ఆచితూచి వాడుకోవలసి వచ్చింది. ఈ లోటును కొంతవరకైనా పూడ్చేవి బొమ్మరిళ్లు, అంటే ఇంటినీ ఇంట్లోని సామగ్రినీ ఒకే నిష్పత్తిలో కుదించి, ప్రతి వస్తువునూ దాని స్థానంలోనే నిలిపి చేయించిన నమూనాలు.

వీటిని పిల్లల ఆటవస్తువులుగా భావిస్తే మొదటి అడుగే తప్పుతుంది. లిఖిత ఆధారాలు ఉన్న తొలి బొమ్మరిళ్లలో ప్రసిద్ధమైనదాన్ని 1557-58లో బవేరియా పాలకుడు ఐదవ ఆల్బ్రెహ్ట్ చేయించాడు. అది ఒక పాపాయి చేతికి వెళ్లలేదు, మ్యూనిక్‌లోని ఆయన కళాఖండాల సేకరణలో చేరింది. ఆ ఇల్లు తర్వాత నాశనమైనా, 1598లో ఫిక్లర్ అనే ఆస్థాన అధికారి ఆ సేకరణకు పట్టిక రాస్తూ దానిని కూడా వివరించినందువల్ల గుర్రపుశాల మొదలు స్నానపుగది, వంటిల్లు, ప్రార్థనామందిరం వరకు అందులో ఏమేమి ఉండేవో తెలుస్తున్నది. ఒక ప్రభువు తన వైభవాన్ని కుదించి చూసుకున్న ముచ్చట అది.

ఆ తర్వాతి శతాబ్దిలో నూరెంబర్గ్ నగరం ఈ వేడుకకు చదువు అనే ప్రయోజనాన్ని తగిలించింది. లోహపు పనికీ కొయ్యపనికీ పేరుపడిన ఆ నగరంలో అన్నా కోఫెర్లిన్ అనే స్త్రీ ఒక పెద్ద బొమ్మరింటిని సమకూర్చి, రుసుము తీసుకుని జనానికి చూపింది; 1631లో ఆమె అచ్చువేయించిన కరపత్రం, ఇల్లు ఎలా నడపాలో పిల్లలు దీనిని చూసి నేర్చుకోవాలని పద్యరూపంలో చెప్పింది. ఆ ఇల్లు పోయింది, కరపత్రం మిగిలింది. అదే నగరంలో తయారై 1673 అని తేదీ వేసుకున్న మరో ఇల్లు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సేకరణలో ఉంది. ఉన్న నాలుగు గదుల్లో రెండు వంటగదులే కావడం, వాటి గోడలు తళతళలాడే పాత్రలతో నిండిపోవడం గమనిస్తే, నూరెంబర్గ్ గృహిణి ప్రతిష్ఠ దేనిమీద ఆధారపడి ఉండేదో వేరే చెప్పనక్కరలేదు.

అయితే గృహచరిత్రకు ఎక్కువ పనికివచ్చేవి ఆమ్‌స్టర్‌డామ్ బొమ్మరిళ్లు. 17వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఆ నగరపు వర్తకులు సముద్రాల మీదుగా వచ్చిన సంపదతో పాటు వింత వస్తువులను కూడబెట్టే అలవాటునూ పెంచుకున్నారు. శంఖాలు, నాణేలు, ఎండబెట్టిన పురుగులు, దంతపు పనితనాలు చిన్న చిన్న అరల్లో అమర్చిన బీరువా ప్రతి సంపన్న గృహంలోనూ హోదాకు గుర్తు అయింది. భర్తల బీరువాల్లో ప్రపంచం ఇమిడితే, కొందరు భార్యలు తమ బీరువా అరలను గదులుగా మార్చి అందులో ఇంటిని ఇమిడ్చారు. తలుపులు మూస్తే అది ఖరీదైన సామాను. తెరిస్తే ఎదుట మూడు అంతస్తుల కాపురం. ఆనాటివాటిలో మూడు ముఖ్యమైనవి నేటికీ నిలిచాయి: పెట్రోనెల్లా డ్యునువా, పెట్రోనెల్లా ఊర్ట్‌మన్ చేయించినవి ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలోనూ, పెట్రోనెల్లా డి లా కూర్ చేయించినది ఉట్రెహ్ట్‌లోని సెంట్రాల్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ముగ్గురి పేరూ ఒకటే కావడం కాకతాళీయం. ముగ్గురూ డబ్బున్న ఇంటి ఆడవాళ్లు కావడం మాత్రం కాకతాళీయం కాదు.

వీరిలో ఊర్ట్‌మన్ ఖర్చుకు వెనుకాడని మనిషి. పట్టు వర్తకుడు యోహాన్నెస్ బ్రాంట్‌ను 1686లో వివాహమాడిన ఈమె ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఈ ఒక్క బీరువా మీదనే మనసు పెట్టింది. తాబేటి చిప్పతో తాపడం చేసి, ప్యూటర్ అనే తగరపు మిశ్రలోహంతో లతలు పొదిగిన ఆ బీరువా మనిషి ఎత్తును మించి నిలుస్తుంది. లోపల తొమ్మిది గదులు. పెద్ద గది గోడల మీది ప్రకృతి దృశ్యాలను నికొలాస్ పీమాంట్ అనే చిత్రకారుడే స్వయంగా వేశాడు. గోరంత పింగాణీ పళ్లాలను సముద్రాల అవతల చైనాలో చేయించి తెప్పించింది. బుట్టలను బుట్టలల్లేవారు, వెండి సామానును కంసాలులు, పుస్తకాలను బైండర్లు, నిజం వస్తువుకు వాడే సరుకుతోనే నిజం వస్తువును చేసే పద్ధతిలోనే చేశారు. మొత్తం ఖర్చు 20,000 నుంచి 30,000 గిల్డర్ల వరకు అయి ఉంటుందని అంచనా. ఆ సొమ్ముతో ఆ రోజుల్లో ఆమ్‌స్టర్‌డామ్ కాలువ గట్టున నిజమైన ఇల్లే కొనుక్కోవచ్చు. చరిత్రకారుడికి ఈ దుబారా ఒక వరం, ఎందుకంటే ఆట కోసం చేసిన వస్తువులో పనివాడు వివరాలను ఎగ్గొడతాడు, ఇంత ఖర్చు పెట్టి చేయించుకున్న మనిషి ఎగ్గొట్టనివ్వదు.

చూడటానికి వచ్చినవారి కళ్లు సాధారణంగా ఆ చిత్రాల గది మీద నిలుస్తాయి. నేర్చుకోవడానికి వచ్చినవారు అటకను చూడాలి. ఇంటి కప్పు కింద బట్టలు ఆరవేసే కొయ్య దండేలు, ఇస్త్రీకి కావలసిన సరంజామా, పొయ్యిలోకి పీట్ నిల్వ ఉండే చోటు ఈ బొమ్మరిళ్లలో పొందికగా కనిపిస్తాయి. పీట్ అంటే బురద నేలల్లో కుళ్లిన మొక్కల పొరలను గడ్డలుగా కోసి ఎండబెట్టిన వంటచెరకు. అడవులు తక్కువైన హాలెండులో పొయ్యి వెలిగేది చాలావరకు దానితోనే. కాలువ గట్టున స్థలం ఖరీదైనది గనుక ఇళ్లు సన్నగా, ఎత్తుగా లేచేవి. ఇంటి నెత్తిన బయటికి పొడుచుకు వచ్చిన దూలానికి కప్పీ కట్టి బరువులను నేరుగా అటకకు లాగేవారు. ఇక బట్టల సంగతి: తెల్లబట్టల పెద్ద ఉతుకును సంపన్నులు ఎప్పుడో గాని పెట్టుకునేవారు కాదు. ఒక ఉతుకు నుంచి మరో ఉతుకు దాకా సరిపోయేటన్ని దుప్పట్లు, తువ్వాళ్లు, లోబట్టలు ఇంట్లో ఉండటమే ఐశ్వర్యం. డ్యునువా బొమ్మరింట్లో వేలెడంత బట్టల మీద కూడా ఆమె పేరులోని పొడి అక్షరాలు కుట్టి ఉన్నాయంటే, నిజం ఇంట్లో ఉతుకుకు వెళ్లిన బట్టలు తారుమారు కాకుండా గుర్తు వేసే అలవాటు ఎంత సహజమో తెలుస్తుంది. ఆ ఇంటి కాలాన్ని తెలిపే ఆధారం కూడా ఇటువంటిదే: సూదులు గుచ్చుకునే చిట్టి దిండు మీద 1676 అనే అంకె ఉంది. మరుసటి సంవత్సరం పెళ్లి చేసుకుని ఆమె ఈ బొమ్మరింటిని తన వెంట తీసుకుపోయింది.

తెలుగు పాఠకుడికి అన్నిటికంటె వింతగా తోచేది పురిటి గది. తెలుగు ఇళ్లలో పురుడు ఇంటి ఓ మూల, మైల పేరిట నలుగురి కంటికి దూరంగా జరిగిపోయేది. డచ్చి సంపన్నుల ఇంట్లోనో, బాలింతను తెరల మంచం మీద పడుకోబెట్టిన గది ఇంటికంతటికీ అలంకారం. ఇరుగుపొరుగు స్త్రీలు అక్కడికే పరామర్శకు వచ్చేవారు, వారికి గుడ్లు, సుగంధద్రవ్యాలు కలిపి కాచిన కండేల్ అనే ద్రాక్షసారాయి పానీయం ఇచ్చేవారు. అందుకే ఆమ్‌స్టర్‌డామ్ బొమ్మరిళ్లలో ఈ గదికి వచ్చినంత ముస్తాబు తక్కిన గదులకు రాలేదు. గాలి తగలకుండా అడ్డుపెట్టే మడత తెర, దాది కాళ్లు చాపుకుని బిడ్డను ఒళ్లో వేసుకునే పొడవాటి అల్లిక పీట, ఊయల వంటివి ఒకదాని పక్కన ఒకటి ఎలా ఉండేవో ఏ జాబితా చెప్పని రీతిలో ఇవి చెబుతాయి.

వంట విషయంలోనూ ఇంతే. ఊర్ట్‌మన్ ఇంట్లో వంటగదులు రెండు ఉన్నాయి, ఒకటి పింగాణీని వరుసగా పేర్చి చూపుకునేది, మరొకటి నిజంగా పొగ, మసి భరించేది. ఈ రెంటి మధ్య గోడే ఇంటి ఇల్లాలికీ పనిమనిషికీ మధ్య సరిహద్దు. ఆసియా సరుకు ఈ ఇళ్లలో ఎంతగా ఇంకిపోయిందో పింగాణీ ఒక్కటే చాటదు. డచ్చి ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్ది తొలి దశకంలోనే మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టింది. కోరమాండల్ తీరంలో రంగులద్దిన చీటిగుడ్డలు ఆ శతాబ్ది గడిచేసరికి డచ్చి పడకల మీదికీ, ఇంట్లో తొడుక్కునే అంగీల్లోకీ ఎక్కాయి. ఊర్ట్‌మన్ కాలపు ఆమ్‌స్టర్‌డామ్ గృహాన్ని ఆంధ్ర తీరంలోని అద్దకపువారి శ్రమ లేకుండా ఊహించలేము.

ఈ వేడుక ఒక తరంతో ముగియలేదు. సారా రోటే అనే ఆమ్‌స్టర్‌డామ్ స్త్రీ 1743లో వేలంలో మూడు పాత బొమ్మరిళ్లు కొని, వాటి సామగ్రితో రెండు కొత్త ఇళ్లు కూర్చింది. వాటిలో ఒకటి హేగ్‌లో, మరొకటి హార్లెమ్‌లో మ్యూజియాలకు చేరాయి. ఆమె గొప్పతనం ఇళ్లలో కంటే చిట్టాలో ఉంది. ఏది పాతది, ఏది ఎవరితో చేయించింది, ఎంత ఇచ్చింది, ఏది తానే కుట్టింది అన్నది ఆమె రాసిపెట్టుకుంది. వస్తువు, దాని ధర, దాని పుట్టుపూర్వోత్తరాలు మూడూ ఒకేచోట దొరికే ఇటువంటి సందర్భం గృహచరిత్రలో బహు అరుదు.

ఇంత చెప్పిన తర్వాత ఈ సాక్షి దోషాలనూ చెప్పకపోతే అన్యాయం. బొమ్మరింట్లో దుమ్ము లేదు, దుర్వాసన లేదు, అప్పులవాడు లేడు. డి లా కూర్ ఇంట్లో వర్తకుడి కచేరీ గది ఉన్నా మొత్తం మీద ఇవి స్త్రీల పెత్తనం సాగిన గదుల లోకమే గనుక, ఆ ఇంటిని పోషించిన గిడ్డంగులూ నౌకలూ వీటిలో చోటు చేసుకోలేదు. ఒకటి రెండు గదుల్లోనో నేలమాళిగల్లోనో బతికిన సాధారణ జనానికి బొమ్మరిల్లు చేయించే స్తోమతు లేదు. వారి ఇల్లు ఎలా ఉండేదో వీటిని చూసి ఊహించడం పొరపాటు. మనుషుల విషయంలో నష్టం మరీ ఎక్కువ. 1710 ప్రాంతంలో యాకబ్ ఆపెల్ వేసిన పటంలో ఊర్ట్‌మన్ బొమ్మరింటి నిండా మైనపు మనుషులు తిరుగుతుంటారు; ఇప్పుడు అందులో మిగిలింది ఒక్క శిశువు.

మనుషులు మిగిలిన చోట అంతస్తుల తేడా మరింత స్పష్టం. ఇంగ్లండులోని అప్‌పార్క్ భవనంలో ఉన్న 18వ శతాబ్ది బొమ్మరింట్లో, సారా లెథ్యూలియర్ పెళ్లితో ఆ ఇంటికి చేరిన దానిలో, యజమానుల ముఖాలు మైనంతోనూ పనివారి ముఖాలు కొయ్యతోనూ చేసి ఉంటాయి. సమాజశాస్త్రం ఇంతకంటే నిర్మొహమాటంగా మాట్లాడిన సందర్భాలు తక్కువ. 19వ శతాబ్దిలో జర్మన్ కర్మాగారాలు అచ్చుకాగితం అతికించిన చవక ఇళ్లను కుప్పలుగా తయారుచేసిన తర్వాతనే బొమ్మరిల్లు నిజంగా పిల్లల సొత్తయింది. ఆ క్రమంలో వివరం పలచబడి, సాక్ష్యంగా దాని విలువ తగ్గింది. 1924లో ఎడ్విన్ లట్యెన్స్ రూపకల్పనలో పూర్తయి ఇప్పుడు విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరిల్లు పాత పద్ధతికి చివరి పెద్ద ఉదాహరణ అనవచ్చు: అసలుకు పన్నెండో వంతు కొలతలో కట్టిన దానిలో విద్యుద్దీపాలు వెలుగుతాయి, కుళాయిల్లో నీళ్లు వస్తాయి, లిఫ్టులు నడుస్తాయి. పనివారి బలగంతో నడిచే అటువంటి గొప్పింటి జీవితం అప్పటికే కుంచించుకుపోతున్నది.

అసలు వస్తువు అంతరించాక దాని చిట్టి రూపమే సాక్షిగా మిగులుతుందన్న ఈ సూత్రం తెలుగునాటికీ వర్తిస్తుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి లక్కరంగు పూసి చేసే లక్కపిడతల్లోనూ, ఇళ్లలో మూలనపడిన చిట్టి ఇత్తడి సామానులోనూ తిరగలి, రోలు, పొయ్యి, కుండ, కూజా వంటివాటి పాత ఆకారాలు నిలిచి ఉన్నాయి, వాటి అసళ్లు మాత్రం వంటిళ్ల నుంచి ఒక్కొక్కటిగా తప్పుకుంటున్నాయి. సారా రోటే చేసినట్టు, ఏ ఊళ్లో ఎవరు చేశారు, ఏ కాలానిది, ఎంత కొలత, అసలు వస్తువును దేనికి వాడేవారు అన్న వివరాలతో ఈ పిడతలకు పట్టికలు రాయించే పనిని రెండు తెలుగు రాష్ట్రాల మ్యూజియాలూ, విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలూ ఆ సామానుతో నిజంగా వంట చేసిన తరం ఉండగానే చేపట్టాలి.