గేదె కాలికి ఎక్స్‌రే ఎలా తీస్తారు? పశువును ఎలా నిలబెట్టాలి, ఎవరు పట్టుకోవాలి?

ఊళ్లో అమ్మానాన్నల దగ్గరున్న పాడి గేదె కాలు జారి పడింది. లేచింది కానీ ఓ కాలు నేలకు ఆనించడం లేదు. చూసిన పశువైద్యులు ‘ఎక్స్‌రే తీయించండి’ అన్నారు. ఈ కబురు ఫోన్‌లో మీదాకా వస్తే మొదట వచ్చే సందేహం ఒకటే. నాలుగైదు వందల కిలోల జీవికి, చెప్పిన మాట వినని జీవికి ఎక్స్‌రే ఎలా తీస్తారు?

పెద్ద పశువుల ఎక్స్‌రేలో మిషన్ ఎంత ముఖ్యమో, పశువును ఏ భంగిమలో ఉంచారన్నది అంతకంటే ముఖ్యం. కాలు కాస్త పక్కకు తిరిగినా విరిగిన గీత ఫిల్మ్ మీద కనిపించకపోవచ్చు. అప్పుడు కట్టు వేయాల్సిన కాలిని బెణుకు అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. పశువును సరిగ్గా నిలబెట్టడంలో సగం పని యజమానిదే. అందుకే ఈ వివరాలు మీకు తెలిసి ఉండాలి.

తిరువూరు చుట్టుపక్కల వాళ్లు ఎవరిని సంప్రదించాలి?

ముందు మీ గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకులకు గానీ, దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలకు గానీ చెప్పండి. పశువు కదల్లేని స్థితిలో ఉంటే టోల్ ఫ్రీ నంబర్ 1962కు ఫోన్ చేయాలి. ఇది సంచార పశువైద్య వాహనాల నంబర్. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వాహనాలు 2022 మేలో మొదలయ్యాయి. తిరువూరు దాటితే వచ్చే ఖమ్మం జిల్లా గ్రామాల వాళ్లకూ ఇదే నంబర్. తెలంగాణలోనూ 1962 పనిచేస్తుంది.

ఎక్స్‌రే, ఆపరేషన్ లాంటివి అవసరమైతే పెద్ద ఆసుపత్రికి పంపిస్తారు. తిరువూరు నుంచి విస్సన్నపేట, నూజివీడు మీదుగా వెళ్తే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ఇది తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోనిది. పశువైద్య కళాశాలల్లో శస్త్రచికిత్స, రేడియాలజీకి ప్రత్యేక విభాగం ఉంటుంది. అయితే అంత దూరం పశువును తీసుకెళ్లే ముందు మీ డాక్టర్ ద్వారా అక్కడికి ఫోన్ చేయించండి. పెద్ద పశువుకు ఆ రోజు ఎక్స్‌రే తీస్తారా, ఎన్ని గంటలకు రమ్మంటారు, మేత ఆపాలా అన్న మూడు విషయాలు తెలుసుకోండి.

వ్యాన్ ఎక్కించే ముందు ఏం చేయాలి?

విరిగిన కాలు ఊగుతూ ప్రయాణం చేస్తే, విరిగిన ఎముక కొన చర్మాన్ని చీల్చుకుని బయటకు రావచ్చు. అలా వస్తే చికిత్స చాలా కష్టమవుతుంది. అందుకని మోకాలి కింద దెబ్బ అయితే దూది మందంగా చుట్టి, వెదురు బద్దలతో గానీ చీల్చిన పీవీసీ పైపుతో గానీ ఆసరా కడతారు. దెబ్బకు పైన ఉన్న కీలు, కింద ఉన్న కీలు రెండూ కదలకుండా ఉండాలి. మరీ బిగించి కడితే రక్తప్రసరణ ఆగిపోతుంది.

భుజం, తొడ దగ్గర విరిగిందనిపిస్తే మాత్రం మీరు కట్టు కట్టొద్దు. పై కీలు దాకా అందని కట్టు, కాలి కింది భాగానికి బరువు పెంచుతుంది. విరిగిన చోట ఊపు మరింత ఎక్కువవుతుంది.

వాహనంలో ఇసుక, దాని మీద వరిగడ్డి మందంగా పరవండి. పశువులను వాహనంలో తరలించడానికి 1978 నాటి నిబంధనల ప్రకారం ప్రయాణానికి తగినట్లు పశువైద్యుల ధ్రువపత్రం ఉండాలి. రిఫర్ చేసిన డాక్టర్ దగ్గరే చీటీతో పాటు దాన్నీ అడిగి తీసుకోండి.

ఒక్క ఎక్స్‌రే చాలదా?

చాలదు. ఎక్స్‌రే అంటే ఎముక నీడ. వంగిన కర్రను దీపం ముందు ఒక వైపు నుంచి పట్టుకుంటే గోడ మీద నీడ తిన్నగా కనిపిస్తుంది. పావు వంతు తిప్పితే వంపు బయటపడుతుంది. ఎముకలో పగులూ అంతే. అందుకే కాలికి కనీసం రెండు ఎక్స్‌రేలు తీయాలి. ఒకటి ముందు నుంచి వెనక్కి, రెండోది పక్క నుంచి. మోకాలు లాంటి కీళ్ల దగ్గర చిన్న ఎముకలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి ఏటవాలుగా మరికొన్ని, కీలు మడిచి ఒకటి కూడా తీయాల్సి రావచ్చు.

నీడ సూత్రమే ఇంకో సంగతీ చెబుతుంది. గోడకు దగ్గరగా ఉన్న వస్తువు నీడ స్పష్టంగా, దూరంగా ఉన్నదాని నీడ పెద్దదిగా, మసకగా పడుతుంది. అందుకే ఎక్స్‌రే ప్లేటును కాలికి వీలైనంత దగ్గరగా ఆనిస్తారు. కిరణం ప్లేటుకు నిటారుగా తగలాలి. దెబ్బ తగిలిన చోటుతో పాటు ఆ ఎముకకు పైన, కింద ఉన్న కీళ్లు కూడా చిత్రంలోకి రావాలి.

నిలబెట్టి తీస్తారా, పడుకోబెట్టి తీస్తారా?

పశువు నిలబడగలిగితే మోకాలి కింది భాగానికి నిలబెట్టే తీస్తారు. ఆసుపత్రి ఆవరణలో ఇనుప గొట్టాలతో చేసిన ట్రెవిస్ ఉంటుంది. పశువును అందులోకి పంపి, ముకుతాడు దగ్గర ఒకరు నిలబడతారు. నాలుగు కాళ్లూ సమంగా, నేల గట్టిగా, చదునుగా ఉండాలి. ట్రెవిస్ గొట్టం ఎక్స్‌రేకి అడ్డం వస్తుందేమో ముందే చూసుకుంటారు. పశువు కదలకుండా ఉండటానికి కొద్దిగా మత్తు ఇవ్వొచ్చు. చిన్న పోర్టబుల్ మిషన్లకు శక్తి తక్కువ. ఒక్కో ఎక్స్‌రేకి కాస్త ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి ఏమాత్రం కదిలినా చిత్రం చెదిరిపోతుంది.

నిలబడలేని పశువుకు, కాలి పైభాగంలో దెబ్బ తగిలిన పశువుకు పడుకోబెట్టి తీస్తారు. తాళ్లతో నెమ్మదిగా పడవేసి, మెత్తటి పరుపు మీద పక్కకు పడుకోబెడతారు. సాధారణంగా దెబ్బ తగిలిన కాలు కింద, ప్లేటు మీద ఉండేలా చూస్తారు. పై కాలిని తాడుతో ముందుకో వెనక్కో లాగి పట్టుకుంటారు. లేకపోతే రెండు కాళ్ల నీడలూ కలిసిపోతాయి. తొడ, తుంటి భాగాల్లో కండ మందం కాబట్టి చిన్న మిషన్లతో స్పష్టత రాదు.

పడుకోబెట్టడంలో ప్రమాదం ఉంది. నెమరు వేసే పశువు పడుకుని ఉంటే పొట్టలో గ్యాస్ బయటకు పోక కడుపు ఉబ్బుతుంది. పొట్టలోది గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. అందుకే మత్తు ఇచ్చి పడుకోబెట్టాలనుకుంటే పెద్ద పశువులకు సాధారణంగా ముందు రోజు నుంచి మేత, కొన్ని గంటల ముందు నుంచి నీళ్లు ఆపమంటారు. ఎంతసేపన్నది డాక్టరే చెప్పాలి. పాలు తాగే దూడలను అలా పస్తు ఉంచకూడదు.

పశువు చూడితో ఉంటే ఎన్నో నెలో తప్పక చెప్పండి. ఆవులు, గేదెలకు ఎక్కువగా వాడే జైలజిన్ అనే మత్తుమందు గర్భసంచిని ముడుచుకునేలా చేయగలదు. చివరి నెలల్లో దాన్ని వీలైనంత వరకూ వాడరు. ఇదే మందుకు గుర్రం కన్నా పశువులు చాలా ఎక్కువగా స్పందిస్తాయి. గుర్రానికి ఇచ్చే మోతాదులో పదో వంతు పశువుకు సరిపోతుంది. తెలిసినవాళ్లు ఇచ్చారని మందులు మీరే వేయకూడదని చెప్పేది ఇందుకే.

గిట్టలకైతే ఏం తేడా?

ఆవు, గేదె, ఎద్దులకు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. పక్క నుంచి తీస్తే ఒక గిట్ట నీడ రెండో దాని మీద పడుతుంది. అందుకని ఏటవాలుగా తీస్తారు, లేదంటే చిన్న ఫిల్మును రెండు గిట్టల మధ్య పెట్టి తీస్తారు. పేడ, బురద, గులకరాళ్లు అతుక్కుని ఉంటే అవీ ఎముక ముక్కల్లాగే కనిపిస్తాయి. కాబట్టి గిట్టను కడిగి, తుడిచి, ఆరబెట్టాలి. బండి ఎద్దులకు, బండలాగుడు పోటీల ఎద్దులకు లాడాలు ఉంటే తీసేయాల్సి రావచ్చు. గాయానికి అయోడిన్ మందు పూసి ఉంటే చెప్పండి. అయోడిన్ కూడా ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది.

గుర్రానికి గిట్ట ఒక్కటే. దాన్ని చెక్కదిమ్మ మీద నిలబెడతారు. నేల మీదే ఉంటే మిషన్‌ను గిట్ట మట్టానికి దించడం కుదరదు.

పట్టుకునేవాళ్లకు ప్రమాదమా?

తన్నుతుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది. కంటికి కనిపించని రేడియేషన్ సంగతే మర్చిపోతుంటారు. మన దేశంలో ఎక్స్‌రే భద్రతను అణుశక్తి నియంత్రణ మండలి చూస్తుంది. సాధారణ ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్, ఈ పనిచేసే సిబ్బందికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు పరిమితి. ఒక్కసారి సాయం పట్టినందుకు భయపడాల్సిందేమీ లేదు కానీ ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

- గర్భిణులు, 18 ఏళ్లలోపు పిల్లలు ఆ చోట ఉండకూడదు.
- పశువును పట్టుకోవడానికి ఎంతమంది అవసరమో అంతమందే ఉండాలి. మిగతావాళ్లు బయటకు వెళ్లాలి. దూరం రెట్టింపైతే మీ మీద పడే రేడియేషన్ నాలుగో వంతుకు తగ్గుతుంది.
- సీసపు ఏప్రాన్ అడిగి వేసుకోండి. అది చెదిరి వచ్చే కిరణాలను తగ్గిస్తుందంతే. నేరుగా వచ్చే కిరణానికి అడ్డం వెళ్లొద్దు.
- ప్లేటును చేత్తో పట్టుకోవద్దు. పొడవాటి పిడి ఉన్న హోల్డరో, స్టాండో వాడాలి.
- ఫోన్‌లో వీడియో తీయడానికి మిషన్ ఎదురుగా నిలబడొద్దు.

ఎక్స్‌రే తీశాక పాలు వాడుకోవచ్చా?

ఎక్స్‌రే వల్ల పాలకు ఏమీ కాదు. మిషన్ ఆగగానే కిరణాలూ ఆగిపోతాయి. పశువు ఒంట్లో రేడియేషన్ మిగలదు. అయితే మత్తుమందు, నొప్పి మందులు, యాంటీబయాటిక్స్ ఇచ్చి ఉంటే ఎన్ని పూటల పాలు పారబోయాలో డాక్టర్‌ను అడగండి.

ఎక్స్‌రే బాగుందంటే గండం గడిచినట్టేనా?

ప్రతిసారీ కాదు. సన్నటి పగులు మొదటి రోజు కనిపించకపోవచ్చు. వారం, పది రోజులకు మళ్లీ తీస్తే తెలుస్తుంది. ఎముకకు చీము పట్టినా తొలి రోజుల్లో ఎక్స్‌రేలో తేడా తెలియదు. నరాలు, కండరాలకు తగిలిన దెబ్బ ఇందులో కనిపించదు. దూడ ఎముకల చివర కనిపించే నల్లటి గీత ఎదుగుదలకు సంబంధించినది కావచ్చు. అనుమానం వస్తే బాగున్న రెండో కాలికీ తీసి పోల్చి చూస్తారు.

విరిగిన చోటును బట్టే ఫలితం ఉంటుంది. మోకాలికీ గిట్టకూ మధ్య ఉన్న ఎముక చర్మం చీలకుండా విరిగితే కట్టుతో అతుక్కునే అవకాశాలు బాగుంటాయి, దూడల్లో మరీ ఎక్కువ. బరువైన పశువుకు తొడ ఎముక విరిగితే నయం కావడం కష్టం. ఖర్చు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం ఆ చిత్రాల మీదే ఆధారపడుతుంది. కాబట్టి ఒక్క వైపే తీసి ఇస్తే ‘రెండో వైపు కూడా తీస్తారా?’ అని మర్యాదగా అడగండి.

వెంట ఏం తీసుకెళ్లాలి?

- రిఫరల్ చీటీ, ఇప్పటిదాకా వాడిన మందుల వివరాలు
- పశువు చెవి ట్యాగు మీది 12 అంకెల నంబర్, బీమా ఉంటే ఆ పత్రాలు
- పశువుకు అలవాటైన మనిషి, గట్టి పలుపు, రెండు మూడు పొడవాటి తాళ్లు
- దెబ్బ తగిలిన రోజు, సమయం, అప్పటి నుంచి మేత, నెమరు ఎలా ఉన్నాయన్న వివరం

ఎక్స్‌రే ఇచ్చాక దాని మీద తేదీ, ఎడమ కాలా కుడి కాలా అన్న గుర్తు ఉన్నాయో లేదో చూసుకోండి. డిజిటల్ ఎక్స్‌రే అయితే అసలు ఫైల్ అడిగి తీసుకోండి. తెర మీది బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే సన్నటి గీతలు పోతాయి. రెండోసారి తీసినప్పుడు పాతదాని పక్కన పెట్టి చూస్తేనే ఎముక అతుకుతోందో లేదో డాక్టర్ చెప్పగలరు.