ఉష్ణమండలపు కోళ్లు – పరాన్నజీవి వ్యాధులు: ప్రమాదాన్ని గుర్తించడం నేర్చుకున్న చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివాక మీరు:
– కోళ్ల మలేరియా, కాక్సిడియోసిస్ అనే రెండు వ్యాధులను శాస్త్రజ్ఞులు ఎలా గుర్తించారో వివరించగలుగుతారు.
– ఒకే పరాన్నజీవి ఒక కోడిని చంపి మరొక కోడిని ఎందుకు వదిలేస్తుందో చెప్పగలుగుతారు.
– ఒక వ్యాధి మీద ఎంత పరిశోధన జరుగుతుందనేది ఎవరి అవసరాల మీద ఆధారపడుతుందో చర్చించగలుగుతారు.

1. పరిచయం

పల్లెల్లో కోళ్లు వరుసగా చనిపోతే 'తెగులు తగిలింది' అంటారు. ఆ ఒక్క మాటలో ఎన్నో వేర్వేరు వ్యాధులు ఇమిడి ఉంటాయి. ఆకుపచ్చని రెట్ట, కాళ్లు చచ్చుబడటం అనే లక్షణాలనే తీసుకోండి. ఇవి మన రైతులు కొక్కెర తెగులు అని పిలిచే రాణిఖేత్ వ్యాధిలో కనిపిస్తాయి. కోళ్ల మలేరియాలో కూడా ఇవే కనిపించవచ్చు. మొదటిదానికి కారణం వైరస్, రెండోదానికి పరాన్నజీవి. మొదటిదానికి టీకా ఉంది. రెండోదానికి ఆ టీకా వేసినా ప్రయోజనం ఉండదు. కాబట్టి వ్యాధికి సరైన పేరు పెట్టడమంటే చాలా ఇళ్లలో గుడ్ల ఆదాయాన్ని, పండగ ఖర్చును నిలబెట్టుకోవడమే. ఆ పేరు పెట్టగల జ్ఞానం ఏ దశల్లో సమకూరిందో ఇప్పుడు చూద్దాం.

2. పక్షి రక్తంలో మలేరియా

1880లో అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్ఫోన్స్ లావెరాన్ ఒక సైనికుడి రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దశాబ్దంలోనే ఖార్కీవ్‌లో డానిలేవ్‌స్కీ పక్షుల రక్తంలో అటువంటి జీవులే ఉన్నాయని తెలిపాడు. అయితే అవి ఒక ప్రాణి నుంచి మరొక ప్రాణికి ఎలా చేరుతున్నాయో అప్పటికి తెలియదు.

ఈ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నంలో మన ప్రాంతానికీ చోటుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం తాగిన అనాఫిలిస్ దోమ పొట్ట గోడలో పరాన్నజీవిని కనుగొన్నాడు. మరుసటి ఏడాది ఆయన కలకత్తాకు బదిలీ అయ్యాడు. అక్కడ ప్లేగు భయం వల్ల రోగులు రక్తం ఇవ్వడానికి జంకడంతో పక్షుల మీద దృష్టి పెట్టాడు. పక్షుల్లో ఈ వ్యాధిని మోసేది అనాఫిలిస్ కాదు, క్యూలెక్స్ దోమ. పరాన్నజీవి ఆ దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని, కాటు ద్వారా ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలకు సోకుతుందని రాస్ 1898లో నిరూపించాడు. పరాన్నజీవి తిరిగే దారి మొత్తం మొదట తేలింది పక్షిలోనే అన్న సంగతి గుర్తుంచుకోండి.

3. సింహళపు కోడి

1935లో పారిస్ ప్రొఫెసర్ ఎమిల్ బ్రంప్ట్, సింహళం (నేటి శ్రీలంక) కోళ్లలోని మలేరియా పరాన్నజీవిని వర్ణించి దానికి ప్లాస్మోడియం గల్లినేషియం అని పేరు పెట్టాడు. దక్షిణాసియా అడవి కోళ్లు దీనికి సహజ ఆతిథేయులు. తరతరాలుగా దానితో కలిసి బతికిన ఆ కోళ్లకు సాధారణంగా పెద్ద హాని జరగదు. బయటి నుంచి తెచ్చిన జాతుల కోళ్లకు అది సోకితే మాత్రం రక్తహీనతతో జుట్టు పాలిపోతుంది, మరణాలు ఎక్కువగా ఉంటాయి.

1937లో జేమ్స్, టేట్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు మరో ముఖ్య విషయం కనుగొన్నారు. ఈ పరాన్నజీవి ఎర్ర రక్తకణాల్లోనే కాక, మెదడులోని సూక్ష్మ రక్తనాళాల గోడ కణాల్లో కూడా పెరుగుతుంది. దానివల్ల ఆ నాళాలు మూసుకుపోతాయి. కొన్ని కోళ్లు పక్షవాతంతో చనిపోవడానికి కారణం ఇదే. రాణిఖేత్‌తో పొరబడే అవకాశమూ ఇక్కడే ఉంది. రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తేనే తేడా తెలుస్తుంది.

ఆ తర్వాత కోడిపిల్ల ప్రయోగశాలకు పనిముట్టుగా మారింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఉష్ణమండలంలో పోరాడే సైనికుల కోసం కొత్త మందులు కావలసివచ్చాయి. బ్రిటన్‌లో ప్రోగ్వానిల్ మందును ఈ పరాన్నజీవి సోకిన కోడిపిల్లల మీదే పరీక్షించారు. ఈ పరిశోధనకు లక్ష్యం మనుషుల మలేరియా. కోళ్లను పెంచుకునే పేద కుటుంబం ఆ లెక్కలో లేదు.

4. కాక్సిడియోసిస్: మరో దారి

పేగుల్లో పెరిగే ఐమీరియా జాతుల చరిత్ర వేరు. 1891లో ఫ్రాన్స్‌లో రాయే, ల్యూసే కోళ్ల అంధనాళాల్లో నేడు ఐమీరియా టెనెల్లా అని పిలిచే జాతిని వర్ణించారు. 1929లో అమెరికాలో టిజ్జర్ కోళ్లలో ఒకటి కాదు, పలు జాతులు ఉన్నాయని చూపాడు. ఒక జాతి సోకి కోలుకున్న కోడికి మరొక జాతి నుంచి రక్షణ ఉండదు. 1948లో అమెరికాలో సల్ఫాక్వినాక్సలిన్ మందును దాణాలో కలపడం మొదలైంది. వేల కోళ్లను ఒకే షెడ్డులో పెంచే పరిశ్రమ ఎదగడానికి ఇది తోడ్పడింది. ఆ పరిశ్రమ అవసరమే పరిశోధనను ముందుకు నడిపింది.

ఇక్కడ దోమతో పనిలేదు. రెట్టతో బయటపడిన ఊసిస్టు, అంటే గట్టి పెంకు గల దశ, తేమ, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో వ్యాధి కలిగించే స్థితికి చేరుతుంది. మన వానాకాలంలో తడిసిన లిట్టరులో ఈ మూడూ దొరుకుతాయి.

5. ప్రమాదంలో ఉన్నవి ఏవి?

పై చరిత్ర నుంచి నాలుగు ప్రశ్నలు తేలుతాయి.

వయసు: మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో రక్తంతో కూడిన రెట్ట కనిపిస్తే ముందుగా కాక్సిడియోసిస్‌ను అనుమానించాలి.
జాతి: కోడి పూర్వీకులు ఆ పరాన్నజీవితో కలిసి బతికాయా?
కాలం: వానలు పడి దోమలు, తేమ పెరిగాయా?
వసతి: కోళ్లు ఇరుకుగా, తడి నేల మీద ఉన్నాయా?

ఇవన్నీ కోడికి జబ్బు చేయకముందే అడగదగిన ప్రశ్నలు. లక్షణాలు కనిపించాక సూక్ష్మదర్శిని వ్యాధి పేరు చెబుతుంది. కానీ ప్రమాదం ఎటు నుంచి వస్తుందో పెంపకందారు తన పెరట్లోనే చూడవచ్చు.

6. సారాంశం

కోళ్ల మలేరియా పరిశోధన మనుషుల మందుల కోసం సాగింది. కాక్సిడియోసిస్ పరిశోధనకు పరిశ్రమ దన్నుగా నిలిచింది. పెరటి కోడి రెండింటిలోనూ అంచునే ఉండిపోయింది. అయినా ఆ పరిశోధనల నుంచి పెరటి కోడికీ పనికొచ్చే ఒక సూత్రం దొరికింది. పరాన్నజీవి ఉన్నంత మాత్రాన వ్యాధి రాదు. పరాన్నజీవి, ఆతిథేయి, వాతావరణం కలిసినప్పుడే ప్రమాదం ఏర్పడుతుంది.

7. నమూనా ప్రశ్నలు

1. రాస్ సికింద్రాబాద్, కలకత్తా పరిశోధనల మధ్య తేడాలను రాయండి.
2. కోళ్ల మలేరియాను రాణిఖేత్ వ్యాధిగా పొరబడటానికి కారణమేమిటి?
3. మీ ఊరిలో కోళ్లు పెంచే ఒక కుటుంబాన్ని కలిసి, 5వ విభాగంలోని నాలుగు ప్రశ్నల ఆధారంగా ఒక పేజీ నివేదిక రాయండి.