బొబ్బిలి: కోట కథ కాక మిగిలిన ఊరు

బొబ్బిలి అనగానే అందరం 1757 జనవరి 24 నాటి యుద్ధం దగ్గరే ఆగిపోతాం. విజయనగరం పూసపాటి విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొచ్చి బొబ్బిలి మీద పాత పగ తీర్చుకున్నాడు. కోట కూలింది. కొద్ది రోజులకే విజయరామరాజు తన డేరాలోనే కత్తిపోట్లకు బలయ్యాడు. జంగాలు ఆ కథను ఊరూరా పాడారు, 1964లో ఎన్టీఆర్ సినిమా వచ్చింది. ఒక్కరోజు యుద్ధం ఊరి చరిత్రనంతా మింగేసిందనే నా ఫిర్యాదు.

కోట పోయినా వంశం నిలిచింది. ఇంగ్లీషువాళ్ల హయాంలో జమీందారీ మళ్లీ కుదురుకుంది. బజారును మార్చింది మాత్రం బెంగాల్ నాగపూర్ రైల్వే. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా లైను 1908-09లో పడింది. 1913లో సాలూరుకు కొమ్మ లైను వేశారు, 1931కి అసలు లైను రాయపూర్ చేరింది. రెండేళ్లకు విశాఖ హార్బరు తెరుచుకుంది. అలా మధ్య పరగణాల సరుకు రేవుకు దిగే దారిలో బొబ్బిలి జంక్షనైంది.

రైలు తెచ్చిన మార్పు ఒకటైతే, ఓటు తెచ్చింది మరొకటి. బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు జస్టిస్ పార్టీ తరఫున 1932లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. 1937 ఎన్నికల్లో ఆయనను సొంత బొబ్బిలిలోనే కాంగ్రెస్ అభ్యర్థి వి.వి.గిరి ఓడించారు. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన గిరిగారే! ఫిరంగులు లేకుండా జరిగిన ఈ రెండో బొబ్బిలి యుద్ధాన్ని ఏ జంగమూ పాడినట్టు లేదు. 1948 చట్టంతో జమీందారీలే పోయాయి. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఊరు 1979లో కొత్త విజయనగరం జిల్లాకు మారింది.

సంస్థానాలు పోయినా వాటి నీడన పెరిగిన పని ఒకటి పోలేదు. ఊరి పక్కనే ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరువాళ్లు తరాలుగా వీణలు చేస్తున్నారు. కుండనూ దండినీ వేర్వేరుగా చేసి అతికించరు. ఒకే పనస దుంగను తొలిచి రెండూ తీస్తారు, అందుకే ఏకాండి వీణ. దుంగ బాగా ఆరాలి, లేకుంటే పగులుతుంది. ఆపైన మైనంలో ఇరవై నాలుగు మెట్లు నిలబెట్టాలి. స్వరం ఒక్కచోట తేడా వచ్చినా ఆ మెట్టు మళ్లీ సరిచేయాల్సిందే.

2011లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే కచేరీ వీణ కొనేవాళ్లు ఎందరుంటారు? అతిథులకు జ్ఞాపికగా ఇచ్చే చిట్టి వీణలు కూడా ఆ చేతులే చెక్కుతున్నాయి.