విషం సంగతి మొదట ఎవరు చెప్పారు?

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోటకి వెళ్లొచ్చిన వాళ్లలో చాలామంది పొదిలి లింగన్న పేరు వినే ఉంటారు. గోల్కొండ తరఫున మీర్ జుమ్లా దండెత్తి వచ్చినప్పుడు, లంచానికి ఆశపడి తన ప్రభువు పెమ్మసాని చినతిమ్మానాయుడికి విషం పెట్టిన మంత్రిగా కథలో మిగిలిపోయిన మనిషి. ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ నాకొద్దు. నా ప్రశ్న చిన్నది: ఈ మాట మొదట ఎవరన్నారు?

చచ్చిపోయినవాడి పరువుకి కూడా మన చట్టంలో చోటుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 499వ సెక్షన్ మొదటి వివరణే దాని గురించి. బతికుంటే ఆ మనిషి పరువు పోయేలా, ఆయన ఇంటివాళ్ల మనసు నొప్పించే ఉద్దేశంతో చేసిన ఆరోపణ పరువు నష్టం కిందికి రావచ్చు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఉంది. అయితే మూడున్నర శతాబ్దాల నాటి మంత్రి కోసం ఎవరు కోర్టుకెక్కుతారు? ఆ విచారణేదో చరిత్ర చదివేవాళ్లే చేయాలి. ఎలా చేయాలో తెలుసుకోవడానికి లండన్‌లో జరిగిన ఒక కేసు పనికొస్తుంది.

అమెరికన్ చరిత్రకారిణి డెబొరా లిప్‌స్టాట్ 1993లో రాసిన పుస్తకంలో డేవిడ్ ఇర్వింగ్‌ని యూదుల మారణహోమాన్ని కాదనేవాళ్లలో ఒకడన్నారు. ఇర్వింగ్ 1996లో ఆమె మీదా, పెంగ్విన్ ప్రచురణ సంస్థ మీదా పరువు నష్టం దావా వేశాడు. ఇంగ్లండు చట్టం ప్రకారం తాము రాసింది నిజమని రుజువు చేసుకోవాల్సింది దావా ఎదుర్కొంటున్నవాళ్లే. వాళ్ల తరఫున చరిత్రకారుడు రిచర్డ్ ఎవాన్స్, ఇద్దరు పరిశోధక విద్యార్థులతో కలిసి, ఇర్వింగ్ పుస్తకాల ఫుట్‌నోట్లు పట్టుకుని వెనక్కి నడిచాడు. ప్రతి వాక్యానికీ ఒకటే ప్రశ్న: ఇది ఎక్కడినుంచి వచ్చింది?

డ్రెస్డెన్ లెక్కే చూడండి. 1945 ఫిబ్రవరిలో ఆ నగరం మీద జరిగిన బాంబు దాడుల్లో 2,02,040 మంది చనిపోయారనీ, ఆ సంఖ్య 2,50,000 దాకా వెళ్లొచ్చనీ చెప్పే ఒక జర్మన్ ఆదేశం నకలుని ఇర్వింగ్ వాడుకున్నాడు. ఆ నకలు టైపు చేసినవాడికి అది ఒక వైద్యుడి దగ్గర దొరికింది. ఆ వైద్యుడేమో ఆ అంకెలు తనకు స్వయంగా తెలియవు, ఎవరో అనగా విన్నానన్నాడు. తర్వాత బయటపడ్డ అసలు పాఠంలో ఉన్నవి 20,204, 25,000. చివర ఒక్కో సున్నా చేరిందంతే. ఒక సున్నా ఎన్ని పుస్తకాల్లోకి ఎక్కితే మాత్రం నిజమవుతుందా? 2000 ఏప్రిల్ 11న న్యాయమూర్తి చార్లెస్ గ్రే ఇచ్చిన తీర్పులో ఇర్వింగ్ ఓడిపోయాడు.

ప్రోగ్రామర్లకి గిట్ బ్లేమ్ తెలుసు. కోడ్‌లో ఈ వరుసని ఎవరు, ఎప్పుడు మార్చారో చూపించే ఆదేశం అది. ఇప్పుడు గండికోట మీద అలాంటిదే నడుపుదాం.

ఒక దారి ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే దగ్గరికి వెళ్తుంది. 1652 సెప్టెంబరు మొదట్లో, కోట లొంగిన కొద్ది రోజులకే, ఆయన గండికోటలో ఉన్నాడు. మీర్ జుమ్లాని కలిశాడు. మూడు నెలల ముట్టడి, కొండ మీదికి ఎక్కించిన ఫిరంగులు, కోటలోవాళ్లు ఒప్పందం మీద లొంగిపోవడం — ఇదీ ఆయన చెప్పిన కథ. ఫ్రెంచి ఫిరంగివాళ్లు లేకపోతే మీర్ జుమ్లా పని అయ్యేది కాదంటాడు. విషం ఊసు లేదు.

రెండో దారి స్థానిక కథనాలది. 1800 తర్వాత కాలిన్ మెకంజీ మనుషులు ఊళ్లు తిరిగి, కరణాల దగ్గరున్న కాగితాలూ, పెద్దల నోటి మాటలూ కైఫియతులుగా రాయించారు. ముట్టడికీ ఆ రాతకీ మధ్య నూటయాభై ఏళ్లకు పైనే ఉంది.

అలాగని టావెర్నియే నిజం, మనవాళ్లది కల్పన అనేస్తే అదీ తొందరపాటే. ఆయన గెలిచినవాడి డేరాలో అతిథి. గెలిచినవాడు లంచం సంగతి వచ్చిన వర్తకుడికి చెప్పుకుంటాడా? పైగా తన దేశపు ఫిరంగివాళ్లకే ఘనత కట్టబెట్టాడు. ఇటు స్థానిక కథకి ఇంకో అవసరం ఉంది. వీరుడు యుద్ధంలో ఓడిపోయాడని చెప్పుకోవడం కష్టం. ఇంటిదొంగ వల్ల పోయాడంటే వీరుడి పరువు నిలుస్తుంది. ఒకరి పరువు నిలబెట్టడానికి ఇంకొకరి పరువు ఖర్చయింది. ఇద్దరు సాక్షులూ తమ తమ వైపు నుంచే మాట్లాడారు.

కాబట్టి లింగన్న నిర్దోషి అని నేననను. నేరం రుజువు కాలేదంటాను. ఈ రెండు మాటలకీ తేడా ఉంది. ఒక కథని వంద నోళ్లు చెప్పినంత మాత్రాన వంద సాక్ష్యాలు కావు. వందమందీ ఒకే చోట విన్నదైతే సాక్ష్యం ఒకటే.

ఇదంతా పాత సంగతి కదా అనొచ్చు. కానీ మన కథల్లో ద్రోహికి పేరొక్కటే ఉండదు, ఇంటిపేరూ ఉంటుంది, కొలువూ కులమూ ఉంటాయి. ఆ పేర్లతో ఇవాళా మనుషులు బతుకుతున్నారు. గండికోట కథ మానేయమని కాదు. లింగన్న విషం పెట్టాడు అనేముందు ‘స్థానిక కథనం ప్రకారం’ అన్న మూడు మాటలు చేర్చండి చాలు. కథకేమీ తక్కువ కాదు.