యంత్రం మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రావాలంటే: కొనకముందే తేల్చుకోవాల్సిన సంగతులు

గంగవరం మండలంలో ఒక దళిత యువతి పీఎంఈజీపీ రుణంతో టమాటా సాస్ యూనిట్ పెడుతోందనుకుందాం. యంత్రాల ధర 5 లక్షల రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 90 వేలు. మొత్తం 5.9 లక్షలు. ఈ పథకంలో ఎస్సీ లబ్ధిదారు సొంతంగా పెట్టుకోవాల్సింది ప్రాజెక్టు వ్యయంలో 5 శాతం, అంటే 29,500 రూపాయలు. యంత్రం మీది పన్ను దానికి మూడింతలు. ఆ 90 వేలు తిరిగి రాకపోతే దానికోసం తెచ్చిన అప్పుకూ వడ్డీ కట్టాల్సిందే.

ఆ సొమ్మును తిరిగి వాడుకునే హక్కు చట్టంలో ఉంది. దాని పేరు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్. కానీ ఆ హక్కు ఉంటుందా, పోతుందా అన్నది చాలావరకు యంత్రం కొనకముందే తేలిపోతుంది. తరాలుగా వ్యాపారం చేసే కుటుంబాల్లో ఇది ఇంట్లోనే తెలిసే విషయం. మొదటి తరం దళిత వ్యాపారికి చెప్పేవాళ్లు తక్కువ.

ముందు నమోదు, తర్వాత కొనుగోలు

ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి ఏడాది టర్నోవర్ 40 లక్షలు, సేవలు అందించేవారికి 20 లక్షలు దాటితేనే సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి. అందుకే చాలామంది "మనకెందుకు" అని ఊరుకుంటారు. స్వచ్ఛందంగానూ నమోదు కావచ్చు. దానికి ప్రభుత్వ ఫీజు లేదు.

నమోదు కాకముందు యంత్రం కొంటే దాని మీది పన్ను పోయినట్టే. ఆలస్యంగా నమోదైనవారికి చేతిలో ఉన్న ముడిసరుకు మీద క్రెడిట్ ఇస్తారు గానీ, యంత్రం మీద ఇవ్వరు.

కాంపోజిషన్‌లో చేరితే?

లెక్కలు తక్కువ, ఉత్పత్తిదారుకు పన్ను టర్నోవర్‌లో 1 శాతమే అని కాంపోజిషన్ పద్ధతిలో చేర్పిస్తుంటారు. అందులో క్రెడిట్ ఉండదు. తర్వాత రెగ్యులర్ పద్ధతికి మారితే యంత్రం మీద కొంత దక్కుతుంది. బిల్లు తేదీ నుంచి ప్రతి మూడు నెలలకు 5 శాతం చొప్పున కోత పడుతుంది. బిల్లుకు ఏడాది దాటితే అదీ రాదు.

పక్కనే కర్ణాటక

గంగవరం వాళ్లకు యంత్రాలు కొనడానికి బెంగళూరు దగ్గర. వ్యాట్ కాలంలో పక్క రాష్ట్రం నుంచి కొన్న యంత్రం మీది కేంద్ర అమ్మకం పన్నుకు క్రెడిట్ ఉండేది కాదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఆ చోట ఐజీఎస్టీ పడుతోంది, దానికి క్రెడిట్ ఉంది. అయితే బిల్లులో మీ జీఎస్టీ నంబరు, ఐజీఎస్టీ రెండూ ఉండాలి. కర్ణాటక ఎస్‌జీఎస్టీ వేసిన బిల్లు ఆంధ్రలో పనికిరాదు.

సరుకును ముళబాగిలు, కోలారు వ్యాపారులకు అమ్మాలన్నా సాధారణంగా రెగ్యులర్ నమోదు కావాల్సిందే. కాంపోజిషన్‌లో ఉన్నవారు రాష్ట్రం దాటి సరుకు అమ్మకూడదు.

ఏం తయారుచేస్తున్నారు?

అమ్మే సరుకు మీద పన్ను ఉంటేనే యంత్రం మీద క్రెడిట్. పట్టుగూళ్లకు, ముడిపట్టుకు జీఎస్టీ లేదు. కాబట్టి ముడిపట్టు మాత్రమే అమ్మే రీలింగ్ యూనిట్‌కు యంత్రం మీది పన్ను రాదు. తాజా పాలు అమ్మేవారిదీ అదే పరిస్థితి. అలాంటివారు పన్నును కూడా ఖర్చులో కలిపి లెక్కవేసుకోవాలి.

యూనిట్ షెడ్డు కట్టడానికి కొన్న సిమెంటు, ఇనుము మీద క్రెడిట్ ఉండదు. యంత్రం బిగించే పునాదికి ఉంటుంది. సరుకు రవాణా వాహనానికి ఉంటుంది, సొంతంగా తిరిగే కారుకు ఉండదు.

డబ్బు ఎలా వస్తుంది?

క్రెడిట్ బ్యాంకు ఖాతాలో పడదు. జీఎస్టీ పోర్టల్‌లోని క్రెడిట్ లెడ్జర్‌లో ఉంటుంది, నెలనెలా కట్టాల్సిన పన్నులోంచి తగ్గుతుంది. సాస్ యూనిట్‌కు నెలకు 5 వేల పన్ను వస్తే 90 వేలు తీరడానికి 18 నెలలు పడుతుంది. సరుకు మీద పన్ను రేటు తక్కువ, ముడిసరుకు మీద ఎక్కువ అయితే ఇచ్చే రీఫండ్‌లో యంత్రాల పన్ను కలవదు.

గడువులు, జాగ్రత్తలు

- అమ్మినవారు రిటర్ను వేశాక ఆ బిల్లు మీ జీఎస్టీఆర్-2బిలో కనిపించాలి.
- బిల్లు సొమ్ము 180 రోజుల్లో చెల్లించాలి. లేదంటే క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి. చెల్లించాక మళ్లీ తీసుకోవచ్చు.
- ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30లోగా, లేదా వార్షిక రిటర్ను వేసేలోగా, ఏది ముందైతే అప్పటికి క్రెడిట్ తీసుకోవాలి.
- ఆదాయపు పన్ను లెక్కల్లో ఈ జీఎస్టీ మొత్తం మీద తరుగుదల చూపితే క్రెడిట్ పోతుంది.
- ఐదేళ్లు నిండకముందే నమోదు రద్దు చేసుకుంటే మిగిలిన కాలానికి లెక్కగట్టి కట్టాలి.
- అమ్మకాలు లేకున్నా రిటర్నులు వేయాలి. మానేస్తే జరిమానా, నమోదు రద్దు.

రిటర్నులు వేసే ఖర్చు ఏడాదికి ఎంతవుతుందో, వచ్చే క్రెడిట్ ఎంతో పక్కపక్కన రాసి చూసుకున్నాకే నిర్ణయించుకోవాలి. సబ్సిడీ గురించి ఊళ్లో సభ పెట్టే సంఘాలు, విద్యార్థులు ఆ లెక్కనూ అక్కడే వేసి చూపించాలి. యంత్రం వచ్చి దిగాక చెబితే ప్రయోజనం ఉండదు. కొటేషన్ తీసుకునే రోజే చెప్పాలి.