ఒకే ధర, రెండు దారులు
1828 నాటి అమెరికా సుంకం ఉత్తరాది కర్మాగారాలకు రక్షణ కల్పించింది. ఆ భారం మోయవలసి వచ్చిన దక్షిణ కరోలినా 1832లో సుంకాల చట్టాలు తన గడ్డపై చెల్లవని ప్రకటించింది.

జాతి ప్రగతికి ఏ ప్రాంతం మూల్యం చెల్లించాలన్న ఆ ప్రశ్న ఛత్తీస్‌గఢ్‌కూ ఎదురైంది. రాయపూర్ సమీపాన, సోవియట్ సహకారంతో నిర్మించిన భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి కొలిమి 1959లో వెలిగింది. దల్లీ రాజహరా ఖనిజమే దానికి ఆధారం. అయితే 1956 నుంచి అమలైన రవాణా వ్యయ సమీకరణ విధానం వల్ల ఉక్కు ధర భిలాయిలోనూ బొంబాయిలోనూ ఒక్కటే అయింది. గని చెంతనే పరిశ్రమ స్థాపించవలసిన అవసరం తొలగిపోయింది. బైలదిల్లా ఖనిజమూ విశాఖ రేవు మీదుగా జపాన్‌కు తరలింది.

1992లో ఆ విధానం రద్దయింది. 2000 నవంబరు 1న రాయపూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం అవతరించింది. ఆ మూడున్నర దశాబ్దాలలో పశ్చిమ తీరాన పాతుకుపోయిన పరిశ్రమలు మాత్రం వెనక్కి రాలేదు.